మీకూ తెలియదు, మాకూ తెలియదు

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితాల్లో సంతకం పెట్టాల్సిన చోట్లు మూడున్నాయి. నాన్న మొదటి పేజీ చదివి, రెండో పేజీ చదివి, చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పిన మనిషి. తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మూడో పేజీలో 'ఈ అధ్యయనంలో మీరు ఒక విషయంగా పాల్గొంటున్నారు' అని ఉంది. ఇంగ్లిష్‌లో సబ్జెక్ట్ అన్న మాటని ఎవరో అలా తెలుగు చేసి పారేశారు. "నేను విషయాన్నటే అమ్మాయ్. మరి విశేషం ఎవరు, మీ అమ్మా?" అన్నారు. ఐదో పేజీలో 'ద్వి అంధ అధ్యయనం' అని కనిపించింది, ఇంగ్లిష్‌లో డబుల్ బ్లైండ్ అన్న మాటకి తెలుగు. దాని కింద గీత గీసి, పక్కన మార్జిన్‌లో 'ఇద్దరు గుడ్డివాళ్లు?' అని రాశారు.

"అంకుల్, అంకుల్, దాని మీద రాయకండి!" కోఆర్డినేటర్ అమ్మాయి పరుగున వచ్చింది. "ఎథిక్స్ కమిటీ ముద్ర ఉన్న కాపీ అది."

"ముద్ర వేసినాయన చదవలేదామ్మా?"

ఆ అమ్మాయి నావైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

ఇది మా నాన్న డీబీఎస్ కథలో రెండో భాగం. డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) అంటే మెదడు లోపలికి సన్నటి తీగ దించి, ఛాతీలో చర్మం కింద పెట్టిన చిన్న యంత్రంతో దానికి కరెంటు ఇవ్వడం. గుండెకి పేస్‌మేకర్ ఎలాగో ఇదీ అలాగే. మొదటి భాగం, అంటే ఆపరేషన్ గురించి, చాలామంది ఫోన్ చేసి అడుగుతుంటారు. రెండో భాగం ట్రయల్, అంటే వైద్యం ఎంత పనిచేస్తుందో పరీక్షించే అధ్యయనం. దాని గురించి మాత్రం ఎవరూ అడగరు. "మీ నాన్న మీద ప్రయోగాలు చేస్తున్నారా?" అని మా పిన్ని ఒక్కతే అడిగింది, అదీ గొంతు తగ్గించి.

మొదటి భాగం త్వరగా చెప్పేస్తాను. నాన్నకి కదలికల్ని దెబ్బతీసే పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది చేతిరాతలో. మార్కుల లిస్టు రాస్తుంటే పై వరసలో గుండ్రంగా ఉన్న అక్షరాలు కిందికొచ్చేసరికి చీమల్లా అయిపోయేవి. వణుకు తర్వాత వచ్చింది. ఊళ్లో ఒకాయన దూలగొండి గింజల పొడి వాడమన్నారు. దూలగొండిలో నిజంగానే ఈ జబ్బుకిచ్చే మందు లెవోడోపా ఉంటుందని న్యూరాలజిస్టే చెప్పారు, కాకపోతే గింజకీ గింజకీ మోతాదు మారిపోతుందని, కొలిచి చేసిన మాత్రే మేలని అన్నారు. అలా సిండోపా అనే లెవోడోపా మాత్ర మొదలైంది. ఎనిమిదేళ్లు బాగా పనిచేసింది. ఆ తర్వాత మాత్ర వేసుకున్న గంటకి ఒళ్లంతా మెలికలు తిరగడం, రెండున్నర గంటలకి కట్టెలా బిగుసుకుపోవడం. రోజుకి ఏడుసార్లు ఇదే వరస.

డీబీఎస్ చేయొచ్చో లేదో తేల్చడానికి రాత్రి నుంచి మాత్రలు ఆపేసి, పొద్దున్నే పరీక్ష చేసి మార్కులు వేశారు. తర్వాత మాత్ర ఇచ్చి మళ్లీ మార్కులు వేశారు. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే జబ్బు ఎక్కువని లెక్క. 52 నుంచి 23కి తగ్గాయి. కనీసం 30 శాతం తగ్గాలట, మాత్రకి లొంగినంత మేరకే సాధారణంగా కరెంటుకీ లొంగుతుందట. "జీవితంలో మొదటిసారి మార్కులు తగ్గితే పాసయ్యాను" అన్నారు నాన్న.

ఆపరేషన్‌కి ముందు రాత్రుళ్లు కూర్చుని దొరికినంత చదివాను. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే సర్జన్ వణుకు ఉన్న మనిషికి మెదడు లోతుల్లో ఉండే థలమస్‌లో ఎక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు ఇస్తే వణుకు ఆగిపోవడం చూశారు. అంతకుముందు ఆ చోటుని కాల్చేసేవాళ్లు. 1993లో ఆ బృందమే సబ్‌థలామిక్ న్యూక్లియస్ అనే బఠాణీ గింజంత చోటుకి దిగింది. మా నాన్నకి తీగలు వెళ్లిందీ అక్కడికే. 2009లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో 255 మంది ఉన్నారు. డీబీఎస్ చేయించుకున్నవాళ్లకి ఇబ్బంది లేకుండా కదలగలిగే సమయం రోజుకి సగటున 4.6 గంటలు పెరిగింది, మందులతోనే ఉన్నవాళ్లకి ఏమీ పెరగలేదు. అదే పేపర్లో ఇంకో లెక్క కూడా ఉంది: ఆపరేషన్ అయిన 121 మందిలో 49 మందికి ఏదో ఒక తీవ్రమైన సమస్య వచ్చింది, మెదడులో రక్తస్రావంతో ఒకరు చనిపోయారు. అమ్మకి 4.6 గంటల సంగతే చెప్పాను. నాన్నకి రెండూ చెప్పాను.

ఊళ్లో ఉన్న అరెకరం అమ్మాం. తలకి ఫ్రేమ్ బిగించి, మెలకువగా ఉంచే ఆపరేషన్ చేశారు. లోపల జరిగింది నాన్న చెప్పిందే. మెదడు కణాల చప్పుడు స్పీకర్లో వినిపించిందట, వేడి ఇసకలో పేలాలు వేయిస్తున్నట్టు చిటపట. సరైన చోటు చేరేసరికి ఆ చిటపట జోరందుకుందట. మాట ఎలా ఉందో చూడటానికి ఏదైనా చెబుతూ ఉండమంటే తెలుగు సంవత్సరాల పేర్లు మొదలుపెట్టారు. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత. కరెంటు పెంచుతూ పోతే ప్రజోత్పత్తి దగ్గర నాలుక మడతపడింది. కరెంటు పక్కనున్న నరాల కట్టకి పాకుతోందన్నమాట. తగ్గించారు. ఆంగీరస, శ్రీముఖ స్పష్టంగా వచ్చాయి.

ఏడాదిన్నర హాయిగా గడిచింది. మాత్రలు సగానికి తగ్గాయి. మళ్లీ ఎర్ర పెన్ను పట్టుకున్నారు, మా అపార్ట్‌మెంట్ పిల్లల తెలుగు నోట్సులన్నీ మా ఇంటికే వచ్చేవి. ఆ తర్వాత గుమ్మాల దగ్గర కాళ్లు అతుక్కుపోవడం మొదలైంది. నడుస్తూ నడుస్తూ గడప దగ్గరికొచ్చేసరికి పాదాలు నేలకి మేకులు కొట్టినట్టు ఆగిపోతాయి, ఒళ్లు మాత్రం ముందుకి తూలుతుంది. దీన్ని ఫ్రీజింగ్ అంటారు. నేల మీద అడ్డంగా గీతలుంటే కాలు లేస్తుందని ఫిజియోథెరపిస్ట్ చెప్పాడు. అమ్మ ప్రతి గుమ్మం దగ్గరా ముగ్గుపిండితో జానెడు దూరంలో మూడు గీతలు లాగేసింది. నిజంగానే గీత దాటాలంటే కాలు లేచేది. పాటలాంటి లయ ఉన్నా అంతే. నాన్న ద్విపద చదువుకుంటూ నడిచేవారు. సీసపద్యం పనికిరాదట, మధ్యలో ఊపిరి కోసం ఆగితే కాలూ ఆగిపోతుందట. లిఫ్ట్‌లో పక్కింటివాళ్లు భయపడేవారు.

వీటితోపాటు కాఫీ తాగితే పొలమారడం, మాట ముద్దగా రావడం. అప్పుడు మా డాక్టరు గారు ట్రయల్ మాటెత్తారు.

సంగతేంటంటే, అందరికీ పెట్టినట్టే నాన్నకీ సెకనుకి 130 సార్లు కరెంటు కొట్టేలా పెట్టారు. వణుక్కీ బిగుతుకీ అది మంచిది. నడకకీ మింగడానికీ 60 అయితే మేలని కొన్ని పరిశోధనల్లో తేలింది. ఆ మేలు కొన్ని వారాలకి కరిగిపోతుందని ఇంకొన్నింటిలో తేలింది. వాళ్లు చేస్తున్నది చిన్న స్టడీ. కొత్త ఆపరేషన్ లేదు, కొత్త యంత్రం లేదు. ఉన్న యంత్రాన్నే నాలుగు వారాలు ఒకలా, మధ్యలో ఒక వారం పాత సెట్టింగ్‌కి తెచ్చి, ఇంకో నాలుగు వారాలు ఇంకోలా నడుపుతారు. ఏది ముందో లాటరీ. ఫ్రీక్వెన్సీ తగ్గించినప్పుడు శక్తి తగ్గిపోకుండా వోల్టేజి దాదాపు ఒకటిన్నర రెట్లు పెంచుతారు. ఏది నడుస్తోందో మాకు తెలియదు, పరీక్షించి మార్కులు వేసే డాక్టరుకీ తెలియదు. యంత్రంలో సెట్ చేసే ఇంకో డాక్టరుకి మాత్రం తెలుసు, ఆయన వేరే గదిలో కూర్చుంటారు, మాతో ఆ ఊసెత్తరు.

"ఎందుకండీ ఈ దాగుడుమూతలు? మా ఆయన సొంత తలకాయేగా" అని అమ్మ అడిగింది. డాక్టరు గారు విసుక్కోకుండా ఒక ఉదాహరణ చెప్పారు. అమెరికాలో తగ్గని డిప్రెషన్‌కి డీబీఎస్ చేసి చూశారు, 90 మందికి. అందరికీ తీగలు పెట్టి, 60 మందికి కరెంటు ఆన్ చేసి, 30 మందికి చేయకుండా ఆరు నెలలు చూశారు. బాగా మెరుగైనవాళ్లు ఆన్ చేసినవాళ్లలో 20 శాతం, చేయనివాళ్లలో 17 శాతం. 2017లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. "ఎవరికి ఆన్ అయిందో అందరికీ తెలిసి ఉంటే ఇది బ్రహ్మాండమైన వైద్యం అని ప్రచారం అయిపోయేదమ్మా" అన్నారు. ఆశ కూడా మనిషిని కొంచెం నడిపిస్తుంది, ఎంత నడిపించిందో విడిగా తూచాలంటే కళ్లకి గంతలు కట్టాల్సిందే. ఇక్కడే నాన్నకి 'ద్వి అంధ' మీద దిద్దుబాటు తట్టింది. దాన్ని కొట్టేసి పైన రాశారు: 'మీకూ తెలియదు, మాకూ తెలియదు.'

ఆ కాపీ సంతకానికి పనికి రాలేదు. నాన్న దిద్దినవి పదిహేడు. కోఆర్డినేటర్ నవ్వుతూనే తీసుకెళ్లింది, మేం మర్చిపోయాం. ఆరు వారాల తర్వాత ఫోన్. సమ్మతి పత్రంలో ఒక్క మాట మార్చినా మళ్లీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలట, వాళ్లు ఒప్పుకున్నారట, కొత్త పత్రం వెర్షన్ 2 వచ్చిందట. 'విషయం' పోయి 'పాల్గొనే వ్యక్తి' వచ్చింది. ఐదో పేజీలో నాన్న వాక్యం అచ్చులో ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నారు. జీతం పెరిగినప్పుడు కూడా ఆ మొహం అలా వెలగలేదని అమ్మ అంది.

ఎవరైనా ఇలాంటి కాగితాల ముందు కూర్చోవాల్సి వస్తే నేను చూసినవి చెబుతాను. సీటీఆర్ఐ నంబరు ఉందా అని చూశాను. అది 2007లో మొదలైన మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ, 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి చేశారు. నంబరు కొడితే ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు, నేను చూసి మా పత్రంతో పోల్చుకున్నాను. ఎప్పుడైనా కారణం చెప్పకుండా తప్పుకోవచ్చనే వాక్యం ఉందా, తప్పుకుంటే మామూలు వైద్యం ఆగదని రాశారా, ఏదైనా జరిగితే ఖర్చెవరిది, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి. ఆ చివరిది నాకు ఉత్త లాంఛనం అనిపించింది. తొమ్మిదో రోజునే అవసరం పడింది.

సంతకం పెట్టే రోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుని మాత్ర టైమ్ దాటిపోయింది. నాన్న పెన్ను పట్టుకుంటే సంతకం చీమల బారైంది. కోఆర్డినేటర్ పెన్ను మెల్లగా తీసేసుకుంది. "మాత్ర వేసుకుని ఓ గంట కూర్చోండి అంకుల్. మీరు బాగున్నప్పుడే తీసుకోవాలి." గంట తర్వాత గుండ్రటి అక్షరాలతో మూడు చోట్లా పెట్టారు. ఆ అమ్మాయి మీద నాకు అప్పుడు నమ్మకం కుదిరింది.

మొదటి విడత మొదలైంది. యంత్రాన్ని నడిపే రిమోట్‌లో ఆన్, ఆఫ్ తప్ప మిగతావన్నీ లాక్ చేశారు. ప్రతి పరీక్షకీ ముందు మూడు రోజులు డైరీ రాయాలి: అరగంటకో గడి, నిద్ర, ఆన్ (ఒళ్లు బాగా కదిలే సమయం), ఆఫ్ (బిగుసుకుపోయే సమయం), ఆన్‌లోనే మెలికలు. దానికితోడు రోజూ ఎన్నిసార్లు కాళ్లు అతుక్కున్నాయో లెక్క. నేను ఆఫీసులో ఉంటాను కాబట్టి ఆ పని అమ్మది. అమ్మ వాళ్లిచ్చిన ఫారం జాగ్రత్తగా బీరువాలో దాచి, వంటింటి క్యాలెండర్ వెనక పేజీలో గీతలు పెట్టింది. నేను రాత్రి కూర్చుని ఫారంలోకి ఎక్కించాను, రెండు చోట్ల తప్పుపడితే వైట్‌నర్ కూడా పూశాను.

ఆస్పత్రిలో అది చూసి కోఆర్డినేటర్ తల పట్టుకుంది. మొదట ఎక్కడ రాశారో అదే అసలు రికార్డు. దిద్దాల్సి వస్తే తప్పు మీద ఒక్క గీత, కింద ఏముందో కనిపించాలి, పక్కన సంతకం, తేదీ. వైట్‌నర్ అంటే మహాపాపం. చివరికి ఇంటికి మనిషిని పంపి ఆ క్యాలెండర్ కాగితం తెప్పించుకుని ఫైల్లో పెట్టారు. వెనకాల అమ్మ లెక్కలు, ముందువైపు రాహుకాలం, దుర్ముహూర్తం, పాలవాడి బాకీ. ఏ ఆడిటర్ చూశాడో ఏమనుకున్నాడో.

మొదటి వారమే ఫ్రీజింగ్ బాగా తగ్గింది. రోజుకి పదిహేను, పదహారు ఉండేవి నాలుగైదుకి వచ్చాయి. కాఫీ పొలమారకుండా తాగారు. అమ్మ ఆ రోజే తీర్పు చెప్పేసింది: "ఇదే కొత్తది." నేను ఒప్పుకోలేదు. ట్రయల్‌లో చేరిన ఉత్సాహం, డాక్టరు చెప్పిన 17 శాతం ఇదేనేమో అన్నాను.

తొమ్మిదో రోజు రాత్రి భోజనం దగ్గర కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఆపరేషన్ తర్వాత మేం మర్చిపోయిన వణుకు. మంచినీళ్ల గ్లాసు పళ్లానికి తగిలి టకటకమని చప్పుడు. అమ్మ గ్లాసు తీసుకుని పట్టించబోతే నాన్న తల పక్కకి తిప్పేశారు. పది దాటాక ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తారు. కిందపడ్డారా, మాట తడబడుతోందా, మనసు ఎలా ఉంది, అని వరసగా అడిగి పొద్దున్నే రమ్మన్నారు.

డాక్టరు గారు రెండు దారులు చూపించారు. వోల్టేజిని అనుమతించిన మేరకి ఇంకొంచెం పెంచి చూడటం, లేదా ట్రయల్ నుంచి తప్పుకుని ఈ రోజే పాత సెట్టింగ్‌కి వెళ్లిపోవడం. నాకు రెండోదే కావాలి, చెప్పేశాను కూడా. నాన్న మాత్రం, "పరీక్ష మధ్యలో లేచి వెళ్లినవాడికి నేనెప్పుడూ మార్కులు వేయలేదు. ఇంకా పంతొమ్మిది రోజులేగా" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇది స్కూలు కాదు నాన్నా అన్నాను, అందరి ముందూ. డాక్టరు గారు నన్ను బయట కూర్చోమని, నాన్నతో విడిగా పది నిమిషాలు మాట్లాడారు. సంతకం ఆయనది, నాది కాదు. నా పేరు ఉన్నది సాక్షి గడిలోనే. ఆ కుర్చీలో కూర్చునే వరకు నాకా తేడా పట్టలేదు. వోల్టేజి కొంచెం పెంచారు, వణుకు సగం తగ్గింది, విడత పూర్తి చేశారు. చివరి వారంలో ఫ్రీజింగ్ మెల్లగా మళ్లీ ఎనిమిదికి, తొమ్మిదికి పెరిగింది.

రెండో విడతలో వణుకు లేదు. గుమ్మం దగ్గర మళ్లీ ద్విపద.

పరీక్షలు మాత్రం నన్ను బాగా కుదిపాయి. ప్రతి విడత చివరా రాత్రి నుంచి మాత్రలు ఆపి వెళ్లాలి. పొద్దున నాన్నని కార్లోంచి దించడానికి ఇద్దరు వార్డ్‌బాయ్‌లు కావాల్సి వచ్చింది. వీడియో తీస్తారు, వేళ్లు టపటపలాడించమంటారు, కాగితం మీద నత్తగుల్లలా చుట్లు గీయమంటారు, ఒక వాక్యం రాయమంటారు. చివరి రోజు ఒక చీటీ ఇచ్చారు: రెండు విడతల్లో మీకు ఏది నచ్చింది, ఒకటా, రెండా? నాన్న మాకు చూపించకుండా రాసి మడిచి ఇచ్చారు.

తర్వాత పద్నాలుగు నెలలు ఏ కబురూ లేదు. దారి ఖర్చులు ఇస్తామని పత్రంలో ఉన్న డబ్బు మూడు మెయిళ్లు పెడితే ఐదో నెలలో వచ్చింది. అందరి విడతలూ అయ్యేదాకా గుట్టు విప్పకూడదని నాకు తెలుసు, కానీ అయ్యాక కూడా నేను ఫోన్ చేస్తేనే చెప్పారు. అది నాకు నచ్చలేదు. మనిషి దగ్గర రెండు నెలలు తీసుకున్నవాళ్లు ఒక ఫోన్ బాకీ ఉంటారు.

మొదటి విడతే 60. అమ్మ చెప్పిందే నిజం, కాఫీ పొలమారలేదన్న ఒక్క ఆధారంతో. నా ఎక్సెల్ షీట్‌లో మొదటి విడత కొంచెం మెరుగ్గా కనిపించింది కానీ, చివరి వారం లెక్కలు కలిపితే పందెం కాసేంత తేడా లేదు.

చీటీలో నాన్న రాసింది రెండు అని. అంటే పాతదే. నేను ఆశ్చర్యపోయాను. స్టడీ కొలిచింది ఫ్రీజింగ్‌ని. అది మొదటి విడతలోనే తగ్గింది, కిందపడతారన్న భయం తగ్గింది, మింగడం బాగుపడింది. "మరి ఎందుకు నాన్నా?" అంటే, బల్ల మీద ఉన్న నోట్సుల దొంతర వైపు చూపించారు. వణికే చేత్తో దిద్దితే ఒప్పేదో తప్పేదో పిల్లలకి తెలియడం లేదట. "నడవకపోతే కూర్చుంటాను. కూర్చుని ఏం చేయమంటావు?"

డాక్టరు గారికి ఈ సంగతి చెబితే నవ్వి, రెండు సెట్టింగులూ రిమోట్‌లోనే ఎ, బి గ్రూపులుగా పెట్టి లాక్ తీసేశారు. ఎ అంటే 130, బి అంటే 60. మార్చుకోవడం నాన్న చేతుల్లోనే, ఒక్క నొక్కుడు. సాయంత్రం గుడికి వెళ్లేటప్పుడు, భోజనానికి కూర్చునేటప్పుడు బి. పిల్లలు వచ్చే వేళకి ఎ. ఒక్కోసారి మార్చడం మర్చిపోతారు. అందుకని అమ్మ కాఫీ గ్లాసు చేతికిచ్చే ముందు వంటింట్లోంచే కేకేస్తుంది:

"ఏవండీ, ఎ లో ఉన్నారా, బి లో ఉన్నారా?"